కణంలో కూల్చివేత: అపోహలు – వాస్తవాలు

ప్రోటీన్ అనగానే మనం అడిగేది ఒక్కటే: రోజుకు ఎంత తినాలి? తిన్నది ఒంటికి పట్టి కండ అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. అలా కట్టుకున్నదాన్ని శరీరం తానే అనుక్షణం కూల్చుకుంటూ ఉంటుందని మాత్రం చాలామందికి తెలియదు. ఈ కూల్చివేత అదుపు తప్పితే జబ్బులొస్తాయి. దాన్ని దారిలో పెట్టే మందులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. అందుకే దీని చుట్టూ ఉన్న అపోహలను తొలగించుకోవడం అవసరం.

అపోహ 1: ప్రోటీన్ విచ్ఛిన్నం అంటే తిన్నది అరగడమే.

వాస్తవం: పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్‌ను జీర్ణాశయం, పేగుల్లోని ఎంజైములు అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. కానీ అంతకు కొన్ని రెట్లు ఎక్కువ పని కణాల్లో జరుగుతుంది. పెద్దవారి శరీరం రోజుకు సుమారు 250–300 గ్రాముల సొంత ప్రోటీన్‌ను విడగొట్టి, ఇంచుమించు అంతే కొత్తగా తయారు చేసుకుంటుంది. అందుకు కావలసిన అమైనో ఆమ్లాల్లో ఎక్కువ పాలు పాత ప్రోటీన్ల నుంచే వస్తాయి. 1930ల్లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్, బరువైన నైట్రోజన్‌తో గుర్తు పెట్టిన అమైనో ఆమ్లాలను ఎలుకలకు తినిపించి, శరీర ప్రోటీన్లు నిరంతరం మారిపోతుంటాయని చూపించారు. అంతవరకు అవి స్థిరంగా ఉంటాయనే అనుకునేవారు.

అపోహ 2: పాతబడినవి, పాడైనవి మాత్రమే విరుగుతాయి.

వాస్తవం: ఏ లోపమూ లేని ప్రోటీన్లు కూడా పని పూర్తికాగానే విరుగుతాయి. క్యాన్సర్ రాకుండా కాపలా కాసే పి53 ప్రోటీన్, మామూలు కణంలో ఇరవై నిమిషాలకు అటూఇటూగా సగానికి తగ్గిపోతుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు ఈ తొలగింపు ఆగుతుంది, పి53 పేరుకుని కణవిభజనను నిలిపివేస్తుంది. కణవిభజనను నడిపించే సైక్లిన్లు వేళకు విరగకపోతే ఆ విభజన ముందుకు సాగదు. కంటి కటకం మధ్యలోని క్రిస్టలిన్ ప్రోటీన్లు దీనికి పూర్తిగా భిన్నం. పుట్టకముందు తయారైనవి జీవితాంతం ఉండిపోతాయి. మార్పిడి లేనందున వయసుతో దెబ్బతిని, గుమిగూడి, శుక్లాలకు దారితీస్తాయి.

అపోహ 3: విరగడానికి శక్తి ఎందుకు, దానంతట అదే జరుగుతుంది.

వాస్తవం: పేగుల్లో జరిగే విచ్ఛిన్నానికి కణశక్తి అక్కర్లేదు. కణం లోపల మాత్రం ఆ శక్తిని అందించే ఏటీపీ అణువు ఖర్చవుతుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. శక్తి కావలసింది ముఖ్యంగా ఎంపికకు. అడవిలో నరకవలసిన చెట్టుకు ముందే గుర్తు వేసినట్టు, తొలగించవలసిన ప్రోటీన్‌కు ఎంజైములు యుబిక్విటిన్‌ను తగిలిస్తాయి. ఇది 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. ఏ ప్రోటీన్‌కు గుర్తు వేయాలో తేల్చే ఎంజైములు మనిషిలో ఆరు వందలకు పైగా ఉన్నాయి. గుర్తు పడినదాన్ని ప్రోటియాజోమ్ అనే కణయంత్రం తన లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. యుబిక్విటిన్ మాత్రం విడివడి మళ్లీ పనికొస్తుంది. ఈ విధానాన్ని వెలికితీసిన ఆరన్ చెఖనోవర్, అవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది.

అపోహ 4: ప్రోటీన్లు ఎక్కువగా విరగడమే జబ్బు.

వాస్తవం: తప్పు రెండు వైపులా జరగవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్, తన ఇ6 ప్రోటీన్‌తో కణంలోని పి53కే తొలగింపు గుర్తు వేయిస్తుంది. కాపలా పోవడంతో క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది. మరోవైపు, గుర్తు వేసే పార్కిన్ ఎంజైము జన్యువు రెండు ప్రతులూ చెడితే చిన్న వయసులోనే పార్కిన్సన్స్ రావచ్చు. అక్కడ జరగవలసిన శుభ్రత జరగకపోవడమే చిక్కు.

అపోహ 5: కూల్చివేతను మందులతో కదిలిస్తే ప్రమాదమే తప్ప ఫలితం ఉండదు.

వాస్తవం: ప్రోటియాజోమ్‌ను అడ్డుకునే బోర్టెజోమిబ్‌ను 2003లో అమెరికా ఆమోదించింది. మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌లో కణాలు యాంటీబాడీ ప్రోటీన్లను విపరీతంగా తయారు చేస్తాయి. పనికిరానివాటిని వదిలించుకునే దారి మూసుకుపోతే ఆ కణాలు తట్టుకోలేవు.

థాలిడోమైడ్ చరిత్ర ఇంకా లోతైన పాఠం. 1950ల చివర జర్మనీ తదితర దేశాల్లో వేవిళ్లకు సైతం వాడిన ఈ మందు వల్ల వేలాదిమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 1961లో జర్మనీలో దాన్ని ఉపసంహరించారు. అది సెరిబ్లాన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుందని 2010లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు. సెరిబ్లాన్ కూడా గుర్తు వేసే యంత్రాంగంలో భాగమే. థాలిడోమైడ్ కుటుంబానికే చెందిన లెనాలిడోమైడ్ మందు, మైలోమా కణాలకు ప్రాణాధారమైన ఇకారోస్, అయోలోస్ ప్రోటీన్లను ఈ దారిలోనే కూల్చేయిస్తుంది. కోరిన ప్రోటీన్‌ను యంత్రాంగం దగ్గరకు చేర్చే ప్రోటాక్ అణువుల ఆలోచన 2001లో వచ్చింది. వాటి మీద ఇప్పుడు విస్తృతంగా పరీక్షలు జరుగుతున్నాయి.

అపోహ 6: ఉపవాసంతో ఆటోఫేజీ పెరిగి క్యాన్సర్ నయమవుతుంది.

వాస్తవం: కణం తన భాగాలను తానే లైసోజోమ్‌లనే సంచుల్లోకి పంపి కరిగించుకునే ఆటోఫేజీ మీద, ఈస్ట్ కణాలతో చేసిన పరిశోధనకు యోషినోరి ఓసుమీకి 2016లో నోబెల్ వచ్చింది. అది ఉపవాస చికిత్సకు ఇచ్చిన ధ్రువపత్రం కాదు. ముదిరిన కణితులు కొన్ని ఈ ఆటోఫేజీ వల్లే ఆకలిని తట్టుకుని బతుకుతాయి.

చికిత్సలో ఉన్నవారికి, వారి ఇంట్లోవారికి ఒక విన్నపం. గ్రీన్ టీలోని రసాయనం బోర్టెజోమిబ్‌ను పనిచేయనీయదని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. కాబట్టి గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలైనా, విటమిన్ మాత్రలైనా, ఉపవాసమైనా మీ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి. లెనాలిడోమైడ్ వాడేవారు గర్భం విషయంలో చెప్పిన జాగ్రత్తలను ఒక్కటీ వదలకండి.