మీకు తెలుసా? పండగ శనివారమైతే కొమ్ము మోగదు!
యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా. పొట్టేలు కొమ్ముతో చేసిన బూర, షోఫార్, ఊదందే వాళ్లకు ఆ పండగే లేదు. అయినా మొదటి రోజు శనివారం, అంటే విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు పడితే సంప్రదాయ యూదులు దాన్ని ముట్టరు. ఊదడం సరిగా రానివాడు నేర్చుకుందామన్న ఆత్రంలో కొమ్ము పట్టుకుని నలుగురూ తిరిగే వీధిలో నాలుగు మూరలు నడిచినా సబ్బాతు నియమం తప్పినట్టేనని యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తల్మూద్ పండితుల జాగ్రత్త. ఎంత ముందుచూపు! యెరూషలేము ఆలయంలో మాత్రం ఆ రోజూ ఊదేవారు. క్రీ.శ. 70లో ఆలయం నేలమట్టమయ్యాక, న్యాయసభ ఉన్నచోట ఊదవచ్చని యూదు మతపండితుడు యోహనాన్ బెన్ జక్కై అనుమతించారు. 2023లో పండగ మొదటి రోజు సెప్టెంబరు 16, శనివారం. కొమ్ము మర్నాడు, ఆదివారం మోగింది.