వచ్చిందా? ఇంకొంచెం తిప్పు! స్కానర్ రేడియోకి దూరం ఇచ్చేది ఆంటెన్నానే

పోయిన ఎపిసోడ్‌లో ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్‌ని ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి తగిలించి, ఫోన్‌నే స్కానర్ రేడియోగా మార్చాం కదా. మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, మా టౌన్ ఎఫ్ఎం తప్ప ఏమీ రావట్లేదు. ఇంకా కాస్ట్‌లీ డాంగిల్ కొనాలా?"

వద్దు. డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఆ తప్పు నేను ఆల్రెడీ చేశాను. ఎలా చేశానో, ఎలా బయటపడ్డానో ఈ రోజు చెప్తా.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క మాట. స్కానర్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కూర్చోకుండా వరసగా అన్నీ వెతుక్కుంటూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే రేడియో. మనం వినబోయేది రెండే రెండు. ఒకటి మామూలు ఎఫ్ఎం, 88 నుంచి 108 మెగాహెర్ట్జ్. రెండోది హ్యామ్ రేడియో వాళ్లు వాడే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. పోలీసులు, ఆర్మీ, విమానాల మాటల జోలికి వెళ్లొద్దు. మన దేశంలో దానికి చట్టం ఉంది. జోక్ కాదు.

నాకెందుకు ఈ పిచ్చి

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను వైజాగ్‌ని తాకిన రోజు. నేను అక్కడే హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నా. కరెంటు పోయింది, కాసేపటికి సిగ్నల్ కూడా పోయింది. కోనసీమలో ఉన్న ఇంటికి మూడు రోజులు ఫోన్ కలవలేదు. చేతిలో ఫోన్ ఉంది, బ్యాలెన్స్ ఉంది, చార్జింగ్ కూడా కొంచెం ఉంది. కానీ టవర్ లేకపోతే అది ఫోన్ కాదు, టార్చిలైటు. అక్కడ అమ్మ తిండి మానేసి కూర్చుందని తర్వాత తెలిసింది.

అదే ఊళ్లో ఆ రోజుల్లో హ్యామ్ ఆపరేటర్లు బ్యాటరీ మీద నడిచే సెట్లతో కబుర్లు అందించారని బీటెక్‌లో చేరాక చదివాను. గాల్లో మాటలు తిరుగుతూనే ఉన్నాయి. వినే చెవి నా దగ్గర లేదు. అప్పటినుంచి ఈ పిచ్చి పట్టుకుంది.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరాక డాంగిల్ కొన్నా. దాంతో వచ్చిన చిన్న ఆంటెన్నాని హైదరాబాద్ ఫ్లాట్‌లో కిటికీ పక్కన పెట్టా. ఏమీ రాలేదు. ఇంకా ఖరీదైన డాంగిల్ తెచ్చా. అదే కథ. తర్వాత యాంప్లిఫయర్ కొన్నా. ఇప్పుడు ఇంకా ఘోరం. స్క్రీన్ మీద ప్రతిచోటా లోకల్ ఎఫ్ఎం పాటలే!

సెలవులకి ఊరెళ్లినప్పుడు మా మావయ్యకి చూపించా. ఆయన చూసి నవ్వాడు. "ఒరేయ్, దూరదర్శన్ రోజుల్లో బొమ్మ సరిగ్గా రాకపోతే మేం టీవీ మార్చామేంట్రా? మీ అమ్మ టీవీ ముందు కూర్చునేది, నేను డాబా ఎక్కేవాణ్ణి. వచ్చిందా అని అరిస్తే, ఇంకొంచెం తిప్పు అనేది. నువ్వేమో ఆంటెన్నాని మంచం పక్కన పెట్టుకుని రేడియోని తిడుతున్నావు."

బీటెక్ చదివింది నేను. పాయింట్ చెప్పింది ఆయన.

ఎత్తు ఎందుకు?

ఈ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ దాదాపు చూపులాగే తిన్నగా వెళ్తుంది. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొంత దూరం తర్వాత అడ్డం వస్తుంది. ఆ దూరానికి ఒక చిన్న లెక్క ఉంది. ఆంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకోండి, దాని వర్గమూలం కట్టండి, 4.12తో గుణించండి. అన్ని కిలోమీటర్లు.

ఒక మీటరు ఎత్తులో ఉంటే 4 కిలోమీటర్లు. 9 మీటర్ల ఎత్తు, అంటే రెండంతస్తుల డాబా మీద కర్ర కడితే 12 కిలోమీటర్లు. అవతలివాళ్ల ఆంటెన్నాకీ ఇదే లెక్క కట్టి రెండూ కూడాలి. అవతల 100 మీటర్ల టవర్ ఉంటే దాని వాటా 41. అప్పుడు మీరు కింద ఉన్నా, పైన ఉన్నా 45కి 53కి తేడా అంతే. కానీ అవతలివాడు కూడా 9 మీటర్ల కర్ర మీదే ఉంటే? మీరు కింద ఉంటే 16, డాబా మీద ఉంటే 24. తుఫాను తర్వాత మిగిలేది పెద్ద టవర్లు కాదు, ఈ చిన్న కర్రలే. అందుకే మన వైపు ఎత్తు అంత ముఖ్యం.

ఆ గీత దాటగానే సిగ్నల్ టక్కున ఆగిపోదు, నీరసపడుతుంది. గోడలు, స్లాబులో ఉండే ఇనుప చువ్వలు ఇంకొంచెం మింగేస్తాయి. ఇంట్లోంచి డాబా మీదకి వెళ్తే ఈ రెండు బాధలూ ఒకేసారి తగ్గుతాయి.

నమ్మకం కుదరకపోతే ఇది వినండి. ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అందులోని హ్యామ్ రేడియో పనిచేస్తున్నప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. నేను మామూలు తీగ ముక్కలతోనే విన్నా. ఆకాశంలోంచి వస్తే మధ్యలో అడ్డం లేదు కదా. అదే తీగని గదిలో పెడితే 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు కూడా అందలేదు.

పొడవు ఎంత?

ఆంటెన్నా పొడవు మీరు వినే ఫ్రీక్వెన్సీకి సరిపోవాలి. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కి 3 మీటర్లు. అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. నిజం తీగలో అది ఒక ఐదు శాతం తగ్గుతుంది, అంటే 71. ఇలాంటి తీగలు రెండు, ఒకటి పైకి, ఒకటి కిందికి. దీన్నే డైపోల్ అంటారు. 145 మెగాహెర్ట్జ్‌కి ఇదే లెక్క కడితే ఒక్కో తీగ 49 సెంటీమీటర్లు.

ఇక్కడో ట్రిక్. ముందు 71 సెంటీమీటర్లతో చేసి ఎఫ్ఎం మీద ప్రాక్టీస్ చేయండి. ఎఫ్ఎం స్టేషన్లు చాలాసేపు వస్తూనే ఉంటాయి కాబట్టి టెస్టింగ్ ఈజీ. అంతా కుదిరాక అదే తీగల్ని 49కి కత్తిరించండి. కత్తిరించడం తేలిక, అతికించడమే కష్టం.

ఏం కావాలి?

ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కలపడానికి స్క్రూలతో ఉండే ప్లాస్టిక్ కనెక్టర్ దొరుకుతుంది. అది ఒకటి. గట్టి రాగి తీగ లేదా అల్యూమినియం తీగ మీటరున్నర. ఒక పీవీసీ పైపు. ఇంకా కేబుల్ టీవీకి వాడే ఆర్‌జీ 6 వైరు. వైరు మధ్యలో ఉన్న తీగ పైముక్కకి, చుట్టూ ఉన్న జాలీని మెలిపెట్టి కిందిముక్కకి బిగించండి. సోల్డరింగ్ అక్కర్లేదు. రెండో చివర ఎఫ్ కనెక్టర్ వేయించి, డాంగిల్‌కి సరిపడే అడాప్టర్ పెట్టండి. నీళ్లు దిగకుండా పైన టేపు చుట్టండి.

రెండు విషయాలు మర్చిపోకండి. తీగలు నిలువుగా ఉండాలి. ఈ బ్యాండ్‌లో ఎఫ్ఎం మోడ్‌లో మాట్లాడే హ్యామ్‌లు ఎక్కువగా నిలువు ఆంటెన్నాలే వాడతారు. వాళ్లది నిలువు, మీది అడ్డం అయితే 20 డీబీ దాకా పోవచ్చు. అంటే వందలో ఒక వంతే మీకు అందుతుంది. రెండోది, వైరుని ఆంటెన్నాకి ఆనించి కిందికి దించకండి. కనీసం అర మీటరు పక్కకి తీసుకెళ్లి అప్పుడు దించండి.

ఆర్‌జీ 6 ఎందుకంటారా? 145 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నగా ఉండే ఆర్‌జీ 58 వైరు 20 మీటర్లకి సుమారు 4 డీబీ తినేస్తుంది. సగం కంటే ఎక్కువ సిగ్నల్ దారిలోనే ఆవిరి. ఆర్‌జీ 6లో సుమారు 2 డీబీ. దాదాపు మూడింట రెండొంతులు కిందికి చేరుతుంది. అది 75 ఓమ్‌ల వైరు, డాంగిల్ 50 ఓమ్‌లది కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. వినడానికి మాత్రమే అయితే ఆ తేడా వల్ల పోయేది నాలుగు శాతమే. లెక్కలోకి రాదు.

యాంప్లిఫయర్ ఎందుకు ముంచింది?

యాంప్లిఫయర్‌కి మంచి చెడు తెలీదు. సిగ్నల్‌నీ పెంచుతుంది, దాంతోపాటు వచ్చిన గోలనీ పెంచుతుంది. పైగా ఈ డాంగిల్‌లో ఉండేది 8 బిట్ల కన్వర్టర్. పక్కనే ఉన్న ఎఫ్ఎం స్టేషన్ గట్టిగా అరుస్తుంటే దూరం నుంచి వచ్చే సన్నటి గొంతుకి అందులో చోటుండదు. నాకు జరిగింది అదే. యాంప్లిఫయర్ కావాలంటే ఆంటెన్నా దగ్గరే, వైరుకి ముందు పెట్టాలి. హ్యామ్ బ్యాండ్ వినాలంటే ఎఫ్ఎంని ఆపే ఫిల్టర్ కూడా జత చేయాలి. కానీ అదంతా చివర్లో. ముందు ఎత్తు, తర్వాత పొడవు, తర్వాత వైరు.

ఇంకో దొంగ ఇంట్లోనే ఉంటాడు. చవక ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు. ఫోన్‌ని చార్జింగ్ నుంచి తీసేసి, ఇంటి మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపి చూడండి. గోల తగ్గిందా? దొంగ దొరికినట్టే.

టెస్టింగ్ ఎలా?

మనం కోడ్‌లో చేసినట్టే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, నోట్స్ రాయాలి. మావయ్య వాళ్ల డాబా మీద నేను అదే చేశా. 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఎఫ్ఎం స్టేషన్ తీసుకున్నా. గోల కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో యాప్ చూపిస్తుంది. గదిలో చిన్న ఆంటెన్నాతో 5 డీబీ. అదే ఆంటెన్నా డాబా మీద 13. డైపోల్ పెట్టాక 20. మావయ్య కర్ర పట్టుకుని "వచ్చిందా?" అని పైనుంచి అరిచాడు. కింద నేను. పాతికేళ్ల తర్వాత సేమ్ సీన్, అమ్మ ప్లేస్‌లో నేను.

ఒక జాగ్రత్త. కొన్ని రాత్రులు గాలి పొరల వల్ల, ముఖ్యంగా సముద్రం పక్కన, వందల కిలోమీటర్ల దూరం స్టేషన్లు వాటంతట అవే వచ్చేస్తాయి. అది చూసి మన ఆంటెన్నా గొప్ప అనుకోకండి. పాతదాన్నీ కొత్తదాన్నీ అదే పది నిమిషాల్లో మార్చి మార్చి పోల్చండి.

"అన్నా, యాగీ కట్టొచ్చా?" కట్టొచ్చు. డాబాల మీద మనం చూసిన పాత టీవీ ఆంటెన్నా అదే. 1926లో జపాన్‌లో ఉదా, యాగీ అనే ఇద్దరు దాన్ని లోకానికి పరిచయం చేశారు. ఒకవైపే గట్టిగా వింటుంది, మిగతావైపుల చెవిటిది. ఎటు వినాలో ముందే తెలిస్తే బ్రహ్మాండం. స్కానర్‌కి అన్నివైపులా వినడం ముఖ్యం కాబట్టి నా ఓటు డైపోల్‌కే.

చివరిగా, సీరియస్‌గా

కర్ర ఎత్తేముందు కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడండి. కర్ర అడ్డం పడినా తీగలకి తగలనంత దూరం ఉండాలి. ఉరుములు మొదలైతే డాబా ఎక్కొద్దు. ఆంటెన్నాని మబ్బు పట్టకముందే దించేయండి.

మావయ్య ఇంట్లో ఇప్పుడు ఆ డైపోల్ అటక మీద ఉంది. రెండు తీగలు, 20 మీటర్ల వైరు చుట్ట, డాంగిల్, నా పాత ఫోన్, పవర్ బ్యాంక్. అన్నీ ఒక గోనెసంచిలో. తుఫాను హెచ్చరిక వస్తే పవర్ బ్యాంక్ నిండా చార్జ్ పెట్టాలి. గాలి తగ్గాక డాబా ఎక్కి కర్ర కట్టాలి. యాప్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. దీంతో మాట్లాడలేం, వినడం మాత్రమే. మాట్లాడాలంటే పరీక్ష రాసి హ్యామ్ లైసెన్స్ తీసుకోవాలి. నేను చదువుతున్నా, ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో.

2014లో ఆ మూడు రోజులు నాకు కావాల్సింది పెద్ద మెషీన్ కాదు. ఎవరో ఒకరు మాట్లాడుతున్నారని వినిపిస్తే చాలు, అంతే. మీరు తీగ కత్తిరించి డాబా ఎక్కాక ఎన్ని డీబీ పెరిగిందో రాయండి. ఎవరిది ఎక్కువ పెరిగిందో చూద్దాం. ఉంటాను, బై.