28 అంగుళాలా, 10 అంగుళాలా? ఇంట్లో చేసుకునే ఫ్లో బెంచ్‌కు పీడనం ఎంచుకోవడం

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి హైవే వెంట వెళ్తుంటే లేత్ షాపులు, వెల్డింగ్ షెడ్లు, ఇంజిన్ బోరింగ్ దుకాణాలు కనిపిస్తూనే ఉంటాయి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు, ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు తయారయ్యే జిల్లా ఇది. హెడ్డు విప్పి, పోర్టులో ఆకురాయి పెట్టి గాలి దారి సాపు చేయగల చేతులకు ఇక్కడ కొదవ లేదు. అయితే అంత కష్టపడ్డాక గాలి నిజంగా ఎక్కువ పోతోందా, లేక మన తృప్తి కోసమే అరగదీశామా అన్నది కంటితో చూసి చెప్పలేం. అది తేల్చేదే ఫ్లో బెంచ్.

దీని నిర్మాణం సులువే. ప్లైవుడ్‌తో గాలి చొరబడని పెట్టె కట్టి, పైన సిలిండర్ హెడ్ బిగిస్తారు. వాక్యూమ్ క్లీనర్ మోటార్లు పెట్టెలోంచి గాలిని లాగుతుంటే బయటి గాలి పోర్టు గుండా, తెరిచిన వాల్వు చుట్టూ లోపలికి వస్తుంది. మోటారు చేరేలోపు అది కొలత తెలిసిన రంధ్రం ఉన్న ఒక పలకను దాటాలి. ఇక్కడ చూడాల్సిన పీడనాలు రెండు. హెడ్డుకు అటూ ఇటూ ఉండే తేడా పరీక్ష పీడనం. పలకకు అటూ ఇటూ ఉండే తేడాను బట్టి ఎంత గాలి పోతోందో లెక్క కడతాం.

ఈ తేడాను కొలవడానికి ఖరీదైన మీటరేమీ అక్కర్లేదు. తాపీమేస్త్రి గోడ మట్టం చూసుకునే లెవెల్ పైపు చాలు. నీలిమందు చుక్క కలిపిన నీళ్లు పోసి, ఒక కొసను పెట్టెకు తగిలిస్తే, మోటారు లాగినకొద్దీ ఒకవైపు నీరు ఎక్కుతుంది, మరోవైపు దిగుతుంది. రెండు మట్టాల మధ్య ఎత్తే పీడనం. అందుకే దీన్ని నీటి అంగుళాల్లో చెబుతారు. ఒక అంగుళమంటే సుమారు 249 పాస్కళ్లు. 28 అంగుళాలంటే దాదాపు 7 కిలోపాస్కళ్లు.

28 అన్న అంకె రేసింగ్ ఇంజిన్లవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. వాళ్లు హెడ్డు లెక్కలు ఎక్కువగా ఆ పీడనం దగ్గరే చెప్పుకుంటారు. అది చూసి మనమూ 28కే పోవాలనుకుంటాం. దానికయ్యే ఖర్చు ఎంతో ముందు చూద్దాం.

గాలి ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. పీడనం నాలుగు రెట్లయితే గాలి రెండు రెట్లే అవుతుంది. 10 నుంచి 28కి పోతే పీడనం 2.8 రెట్లు పెరుగుతుంది, గాలి 1.67 రెట్లు. మోటారు చేయాల్సిన పని ఈ రెండింటి గుణకారం, అంటే 4.7 రెట్లు. ఉదాహరణకు హెడ్డు స్థానంలో 25 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టామనుకుందాం. 10 అంగుళాల దగ్గర దానిలోంచి సెకనుకు సుమారు 20 లీటర్ల గాలి పోతుంది. అందుకు 50 వాట్ల గాలి శక్తి చాలు. 28 దగ్గర 33 లీటర్లు పోతాయి, 230 వాట్లు కావాలి. కొలత పలక దగ్గర ఇంకో 6 అంగుళాలు పోయాయంటే అది 280 అవుతుంది. 1200 వాట్ల మోటారు తాగే కరెంటులో గాలిని కదిలించడానికి పనికొచ్చేది మామూలుగా పావు నుంచి మూడో వంతు. అంటే ఒక్క మోటారుతో 28 అంగుళాలు కత్తిమీద సామే.

కాబట్టి మీ పీడనమేదో మోటారునే అడగండి. మీరు పరీక్షించబోయే హెడ్లలో పెద్దదాన్ని బిగించి, వాల్వును పూర్తిగా ఎత్తి, మోటార్లన్నీ వేసి, నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడండి. అందులో పావు వంతు తీసేసి, మిగిలిన అంకెకు దిగువన ఒక గుండ్రటి సంఖ్య ఎంచుకోండి. ఆ పావు వంతు వృథా అనుకోవద్దు. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలైతే మన దగ్గర ఓల్టేజీ జారుతుంది, దాంతో మోటారు వేగమూ పీల్పూ తగ్గుతాయి. చేతిలో మిగులు ఉంటేనే, బయటి గాలిని మోటారు వైపు పెట్టెలోకి వదిలే గాలి వాల్వును కాస్త మూసి పీడనాన్ని మళ్లీ అదే గీత మీదికి తేగలం.

మరి మరీ తక్కువ పీడనమైతే? పైపులో నీటి మట్టం చదవడంలో 2 మిల్లీమీటర్ల పొరపాటు ఎవరికైనా వస్తుంది. 28 అంగుళాల దగ్గర దానివల్ల గాలి లెక్కలో తేడా 0.14 శాతం, 10 దగ్గర 0.4 శాతం. 3 అంగుళాల దగ్గర మాత్రం 1.3 శాతం దాటుతుంది. ఆకురాయి పనితో 2, 3 శాతం లాభం వెతికే మనిషికి అంత తప్పు కుదరదు. అందుకే 10 అంగుళాలు ఇంటి బెంచ్‌కు సరిపడే మెట్టు. ఒకటికి మించి మోటార్లుంటే 28 దాకా వెళ్లొచ్చు.

పీడనం తేలాక కొలిచే సాధనం పరిధి చూడాలి. 28 అంగుళాలంటే 7 కిలోపాస్కళ్లే కదా అని 7కే ఆగిపోయే సెన్సార్ కొంటే రీడింగు చివరి అంకెకే అంటుకుంటుంది. ఎందుకైనా మంచిదని 50 కిలోపాస్కళ్లది కొంటే మన పనంతా దాని పరిధిలో ఏడో వంతులోనే ముగుస్తుంది. సెన్సార్లో రాగల తప్పును మాత్రం సాధారణంగా మొత్తం పరిధి మీదే శాతంగా చెబుతారు. 10 కిలోపాస్కళ్లదైతే మన పని పరిధిలో మూడింట రెండు వంతుల దగ్గర పడుతుంది. ముల్లు గేజీ కొన్నా, సెన్సార్ కొన్నా ఇదే కొలమానం.

నీళ్ల పైపు వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. హెడ్డు వాల్వూ గాలి వాల్వూ రెండూ మూసి ఉండగా మోటారు వేస్తే పీల్పు 80 అంగుళాల దాకా, అంటే రెండు మీటర్ల నీటి ఎత్తుకు పోగలదు. నీళ్లన్నీ పెట్టెలోకి, అక్కణ్నుంచి మోటారులోకి చేరతాయి. ముందు గాలి వాల్వు తెరిచి, తర్వాతే స్విచ్ వేయాలి.

పలక దగ్గర ఇబ్బంది ఇంకో రకం. అక్కడ గాలి సగమైతే పీడనం పావు అవుతుంది, గాలి ఐదో వంతైతే పీడనం ఇరవై ఐదో వంతే. వాల్వు పూర్తిగా ఎత్తినప్పుడు పలక దగ్గర 6 అంగుళాలు చూపిన పైపు, మిల్లీమీటరు ఎత్తు దగ్గర పావు అంగుళం చూపిస్తే ఏం చదవగలం? పైపును ఏటవాలుగా పెడితే అదే ఎత్తుకు నీరు ఎక్కువ దూరం పాకుతుంది కాబట్టి చదవడం తేలిక. దానికి తోడు చిన్న, మధ్య, పెద్ద రంధ్రాలున్న మూడు పలకలు చేయించుకుని, గాలి తగ్గినప్పుడు చిన్నదానికి మారాలి.

ఇక వాతావరణం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం సముద్ర మట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి సముద్ర తీరపు గాలి కంటే పలచన, మే నెల మధ్యాహ్నం మరింత పలచన. అయినా కంగారు పడనక్కర్లేదు. హెడ్డూ పలకా పీల్చేది ఒకే గాలి కనుక ఆ తేడా రెండు చోట్లా ఒకేలా పడి దాదాపు కొట్టుకుపోతుంది. మీ బెంచ్ మీద నిన్నటి లెక్కను ఇవాళ్టి లెక్కతో పోల్చుకోవచ్చు. వేరే ఊరి బెంచ్ లెక్కతో పోల్చాలంటేనే చిక్కు. అక్కడిది 28 అంగుళాల లెక్కయితే, మన 10 అంగుళాల ఫలితాన్ని 1.67తో గుణిస్తే 28 దగ్గర ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పందెం కాయడానికి అది చాలదు.

ఆకురాయి పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, రెండుసార్లూ అదే పీడనం, అదే వాల్వు ఎత్తు, అదే పలక. ఈ మూడూ మారకపోతే 10 అంగుళాల బెంచ్ కూడా నిజమే చెబుతుంది. అందుకే మీరు ఎంచుకున్న అంకెను కాగితం మీద కాకుండా పెట్టె మూత మీదే పెయింటుతో రాయండి. రేపు ఆ బెంచ్ దగ్గర నిలబడే కుర్రాడు ముందు చూడాల్సింది దాన్నే.