ఎంత తగ్గించారని కాదు, కిలో ఎంతని చూద్దాం

బదిలీ అయిన ప్రతిసారీ మన కుటుంబాలకు స్కూలు, ఇల్లు, గ్యాసు కనెక్షన్‌తో పాటు ఇంకో వెతుకులాట తప్పదు: కొత్త ఊళ్లో నెల సరుకులు ఎక్కడ తెచ్చుకోవాలి? పిల్లల చదువు కోసం నేను విజయవాడలో, ఉద్యోగరీత్యా మావారు మరో జిల్లాలో ఉంటున్నాం. జీతం ఒకటే, పొయ్యిలు రెండు. అందుకే తక్కువ ధరల సూపర్‌మార్కెట్లలో ఏది నిజంగా చౌకో కాస్త శ్రద్ధగా లెక్క చూస్తున్నాను.

తగ్గింపులు రెండు రకాలు

డీమార్ట్‌ది ఏడాది పొడవునా ఎమ్మార్పీ కంటే తక్కువకు అమ్మే పద్ధతి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పొవైలో మొదటి దుకాణం తెరిచారు. దుకాణాలు చాలావరకు సొంత భవనాల్లోనే ఉండటంతో అద్దె భారం తక్కువ. సరఫరాదారులకు త్వరగా డబ్బు చెల్లిస్తారు కాబట్టి సరుకు తక్కువ ధరకు దొరుకుతుంది. స్మార్ట్ బజార్ లాంటి చోట్ల ఆఫర్ల జోరు ఎక్కువ. పప్పు, నూనె, చక్కెర లాంటి ప్రతినెలా కొనేవాటికి మొదటి పద్ధతి నయం. బట్టల సబ్బు, ఫినాయిల్ లాంటి నిల్వ ఉండేవి మంచి ఆఫర్ వచ్చినప్పుడు రెండు నెలలకు సరిపడా తెచ్చుకోవచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఎమ్మార్పీ మీద 40 శాతం తగ్గింపు అన్నంత మాత్రాన అది చౌక అని కాదు. దుకాణం సొంత బ్రాండ్ సరుకైతే ఎమ్మార్పీ వేయించేదీ, దాన్ని తగ్గించేదీ ఆ దుకాణమే.

ప్యాకెట్టు వెనక్కి తిప్పండి

ఒకప్పుడు నూనె, టీపొడి, సబ్బులు, బియ్యం లాంటి సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన ఉండేది. 2021లో చేసిన సవరణతో దాన్ని తీసేసి, బదులుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్టుపై ముద్రించాలన్నారు. అందుకే ఇప్పుడు రకరకాల బరువుల్లో ప్యాకెట్లు కనిపిస్తున్నాయి.

ఉదాహరణకు లీటరు నూనె 150 రూపాయలు, పక్కనే 850 గ్రాముల ప్యాకెట్టు 142 రూపాయలు అనుకుందాం. రెండోది 8 రూపాయలు తక్కువే. కానీ లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లెక్కేస్తే మొదటిది కిలో 165, రెండోది 167 రూపాయలు పడుతుంది.

ముద్రించిన గ్రాము ధరతోనూ జాగ్రత్త. కిలో లోపు ప్యాకెట్లపై దాన్ని రెండు దశాంశాలకు సవరించి వేస్తారు. గ్రాము 0.16 రూపాయలని ఉంటే కిలో 155 నుంచి 165 మధ్య ఎంతైనా కావచ్చు. పైగా అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, మనం చెల్లించే ధర మీద కాదు. కాబట్టి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, చెల్లించే ధరను బరువుతో భాగించడమే నమ్మకం. అప్పు తీసుకునేటప్పుడు నెలవాయిదా ఎంతని కాక వడ్డీ ఎంతని చూడమని మనవాళ్లు కౌంటర్ దగ్గర చెబుతూనే ఉంటారు కదా! సరుకులకూ అదే సూత్రం.

అన్నీ ఒకేచోట అక్కర్లేదు

25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులపై 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. విడిగా తూచి ఇచ్చేవాటికి ఈ పన్ను లేదు. కనుక బియ్యం బియ్యం కొట్లో, పప్పులు నమ్మకమైన కిరాణా కొట్లో కూడా అడిగి చూడటం మంచిది. కూరగాయలకు రైతుబజారు ఉండనే ఉంది.

నేను పాటించే పద్ధతి ఇది. ప్రతినెలా తప్పక కొనే 15 వస్తువులు ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఒక్కో దానికి మూడు దుకాణాల కిలో ధర పక్కపక్కనే వేస్తాను. కింద ఆటో ఖర్చు, జాబితాలో లేకుండా బుట్టలో పడిన వస్తువుల ఖర్చు విడిగా రాస్తాను. రెండు నెలల బిల్లులు చాలు, మన ఇంటికి ఏది లాభమో తేలిపోతుంది. నా లెక్కలో ఏ దుకాణమూ అన్నింట్లోనూ చౌక కాదు. జాబితాలో లేని వస్తువుల ఖర్చు మాత్రం, చాలా నెలల్లో, తగ్గింపుల వల్ల మిగిలిన దానికంటే ఎక్కువే ఉంటోంది.

ఆ ఒక్క వరుసను అదుపులో పెట్టుకున్నాక మావారు నెలకు ఇంకోసారి ఇంటికి వచ్చి వెళ్లే ఛార్జీలు సరుకుల డబ్బులోంచే వస్తున్నాయి. మీ ఇంట్లోనూ ఈ నెల బిల్లులు పారేయకుండా దాచి, ఆ ఒక్క వరుసా కూడి చూడండి.