టెన్త్ తర్వాత దారి ఒక్కటేనా?

నేను ఇంటర్ ఎంపీసీ, తర్వాత బీటెక్: 2+4, మొత్తం 6 ఏళ్లు. టెన్త్‌లో నా పక్క బెంచీవాడు పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరాడు. 'పాలిటెక్నిక్కా?' అని అప్పుడు మేమంతా పెదవి విరిచాం.

డిప్లొమా అవగానే వాళ్ల నాన్న మంచం పట్టారు. ఆ సర్టిఫికెట్‌తోనే వాడు ఏడాదిపాటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసి ఇల్లు నిలబెట్టాడు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరాడు. చదువు లెక్క 3+3, అవీ 6 ఏళ్లే!

అదే కష్టం నాకొచ్చి ఉంటే? బీటెక్ ఫస్టియర్‌లోనే ఆపేసి, ఇంటర్ మెమో పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగేవాణ్ని.

మీ తమ్ముడో, చెల్లో టెన్త్‌లో ఉంటే, కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీ కంటే ముందు ఈ లెక్క చూపించండి.