పశువుల కంఠగ్రంథియు, పాలలోని వెన్నయు

పాలసంఘములలో వెన్నశాతమును బట్టి ధర కట్టుట యారంభమైనది మొదలు, వెన్న హెచ్చుటకు గేదెకు నేమి పెట్టవలెనని మన సభ్యులు తఱచుగా నడుగుచున్నారు. దాణాను గూర్చియు పచ్చిమేతను గూర్చియు ఇదివఱకు వ్రాసియున్నాము. ఈ మాసమున పశువు గొంతులోనే యుండి క్రొవ్వును కట్టించు నొక చిన్న గ్రంథిని గూర్చి వ్రాయదలచితిమి. దీని సంగతి తెలియనివాడు డబ్బాలలో విక్రయించు పొడులను నమ్మి సొమ్మును, ఒక్కొక్కప్పుడు పశువును గూడ పోగొట్టుకొనును.

శ్వాసనాళమున కిరుప్రక్కల నంటియుండు ఈ గ్రంథికి థైరాయిడ్ అని పేరు. మేతతో వచ్చిన అయొడినును పట్టి యిది థైరాక్సిన్ అను హార్మోనును చేసి రక్తములోనికి విడుచును. అమెరికాలో కెండాల్ అను శాస్త్రజ్ఞుడు 1914లో దీనిని వేఱుపఱచెను. థైరాక్సినులో నాలుగు అయొడిన్ పరమాణువు లుండును. కాలేయము మున్నగు చోట్ల వానిలో నొకటి యూడి, మూడు మిగిలినపుడు టీ-3 అను రూపము వచ్చును. కణములలో పనికి దిగునది ముఖ్యముగా నీ టీ-3యే.

అది చేయు పనిని కోడిపిల్లయందు చక్కగా చూడవచ్చును. గ్రుడ్డులో నున్నంతకాలము పిల్ల పచ్చసొనలోని క్రొవ్వుతో జీవించును. క్రొత్తగా క్రొవ్వును చేసికొను నగత్యము దానికి లేదు. బయటికి వచ్చి నూకలు తినుట మొదలిడగనే, ఆ పిండిపదార్థమును క్రొవ్వుగా మార్చు ఎంజైములు, అనగా శరీరములోని పనిముట్లవంటి పదార్థములు, కాలేయములో పెరుగును. మాలిక్ ఎంజైము, ఫాటీ ఆసిడ్ సింథేజు అనునవి యట్టివి. గుడ్రిడ్జి అను అమెరికా శాస్త్రజ్ఞుడు గ్రుడ్డులోని పిల్లయొక్క కాలేయకణములను గాజుపాత్రలో నుంచి టీ-3ను చేర్చగా, మాలిక్ ఎంజైము అనేక రెట్లు పెరిగెను. పస్తున్నపుడు రక్తములో హెచ్చు గ్లూకగాన్ అను హార్మోనును చేర్చగా నా పెరుగుదల యణగిపోయెను. టీ-3 కణకేంద్రములోని గ్రాహకమును పట్టుకొని, ఈ పనిముట్లను తయారుచేయు జన్యువులను మేల్కొల్పునని తరువాత తెలిసినది. ఆ గ్రాహక మేదియో 1986లో గుర్తింపబడెను.

ఇట్లైనచో ఈ హార్మోను హెచ్చిన పశువు బలియవలెను గదా! జరుగునది విపరీతము. అది బక్కచిక్కును. ఏలయనగా, క్రొవ్వును కట్టించు నీ హార్మోనే దానిని కరగించి మండించును గూడ. 1991లో ఓపెన్‌హైమర్ మున్నగువారు ఎలుకలపై చేసిన పరిశోధనలో, మండుటకు వలసిన వంటచెఱకు నిలువ క్రొవ్వే యనియు, క్రొత్తగా కట్టుట యా తఱుగును పూరించుటకే యనియు తేలెను. గాదెలో ధాన్యము పోయుచున్నారు గదా యని సంతసించునంతలో, వెనుకతలుపున బండ్లు కదలిపోవుచున్నట్లున్నది!

కోడికి క్రొవ్వు కాలేయములో తయారగును. ఆవునకు, గేదెకు నట్లుగాదు; నెమరువేయు కడుపులో గడ్డి పులియగా పుట్టు ఆమ్లములనుండి చర్మము క్రింది క్రొవ్వుపొరలలోను, పాలిచ్చుకాలమున పొదుగులోను తయారగును. పాలలోని వెన్నలో సుమారు సగము పొదుగులోనే పుట్టినది. తక్కినది మేతనుండియు, ఒంటి క్రొవ్వునుండియు రక్తముద్వారా వచ్చినది.

1934లో గ్రాహం అను నాతడు ఆవులకు థైరాక్సిన్ ఇచ్చి పాలును వెన్నయు హెచ్చుట చూపెను. 1942లో అమెరికాలోని మిస్సోరీయందు రైనెకె, టర్నరు అనువారు పాలలోని కేసీనునకు అయొడినును చేర్చి, అట్టి పనియే చేయు చవుకయైన పొడిని తయారుచేసిరి. యుద్ధకాలమున ఇంగ్లండులో బ్లాక్స్టర్ ప్రభృతులు దానిని పాడియావులపై పరీక్షించిరి. పాలు పెరిగినమాట నిజమే. కాని ఆవులు చిక్కెను, గుండె వేగముగా కొట్టుకొనెను. పొడి మానగానే పాలు మునుపటికంటెను పడిపోయెను. దాణా మిక్కిలిగా పెంచినగాని యొళ్లు నిలువలేదు. ఒంటిలో వేడిని పుట్టించు నీ పొడి మన వేసగిలో గేదె కేమి చేయునో రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆవుశరీర మీ విషయమున మనకంటె తెలివైనది. ఈనిన క్రొత్తలో, మేత చాలక యొళ్లు తఱుగుకాలమున, రక్తములో టీ-3ను తానే తగ్గించుకొనును. పొదుగులో మాత్రము దానిని తయారుచేసికొనుచుండును. అన్నిచోట్ల పొదుపు, పొదుగున వ్యయము. పైనుండి పొడి పోసినవా డీ యేర్పాటును చెఱచును.

దీనికి విరుద్ధమైన మోసమును గలదు. గ్రంథిని అణచు థయోయురాసిల్ వంటి మందులు పెట్టి మాంసపు పశువులను బరువెక్కించు వాడుక ఐరోపాలో ప్రబలెను. పెరిగినది చాలవఱకు నీరును, కడుపులోని బరువును. 1981లో ఐరోపా ఆర్థిక సమాజ మట్టి మందులను పశువులకు వాడుట నిషేధించెను.

రైతు చూచుకొనవలసినది గ్రంథికి వలసిన అయొడిన్ చాలుచున్నదా యన్నదే. దూడ మెడక్రింద వాపుతోనో, వెండ్రుకలు లేకయో, మిక్కిలి నీరసముగానో పుట్టినచో తల్లికి అయొడిన్ లోపమని శంకించి పశువైద్యునికి చూపవలెను. చూడిగేదెకు లవణమిశ్రమము దాణాలో కలిపి పెట్టునపుడు సంచిపై వ్రాసిన కొలతను మించరాదు; మించిన అయొడిన్ పాలలోనికి దిగును.