కొండ పొదల్లో పసుపు గొంతు పికిలి

పికిలిపిట్ట అనగానే నెత్తిన నల్లని కుచ్చు, తోక కింద ఎర్రని మచ్చ ఉన్న పిట్ట మనకు గుర్తుకు వస్తుంది. అది మన పెరటి జామచెట్టు మీద కూడా వాలుతుంది. దానికి ఒక బంధువు ఉన్నది గాని, అది పెరట్లోకి రాదు. మదనపల్లె నుండి అంగళ్లు దాటి వెళితే వచ్చే హార్సిలీ హిల్స్, అనగా మన పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే 4,000 అడుగులకు పైబడిన ఆ కొండ, దాని నివాసాలలో ఒకటి. దాని పేరు పసుపు గొంతు పికిలి.

ఇది జానెడు పిట్ట. తల, గొంతు మంచి పసుపు రంగు. రొమ్ము బూడిద రంగు, రెక్కలు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. నెత్తిన కుచ్చు ఉండదు. బిడియం ఎక్కువ గనుక కంటికి కనబడక ముందే కూత వినబడుతుంది.

నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ అనే ఆంగ్లేయుడు 1845లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తెలుగువారు దీనిని ‘కొండ పొద పికిలి’ అంటారని కూడా అప్పట్లోనే వ్రాసుకున్నారు. దాని బ్రతుకంతా ఆ పేరులోనే ఉన్నది. బండరాళ్లు, వాటి సందుల్లో ముళ్లపొదలు ఉన్న కొండవాలే దానికి కావాలి.

పికిలి కుటుంబము పెద్దది. ఆఫ్రికా కొండ అడవులలో కూడా దీని బంధువులు అనేకం ఉన్నాయి. అయితే ఈ పిట్ట మాత్రం దక్షిణ భారతదేశంలో తప్ప లోకంలో మరెక్కడా లేదు. నంది కొండల్లో, నల్లమలలో, మరికొన్ని రాతి గుట్టల్లో అక్కడక్కడ బ్రతుకుతున్నది. అంతరించే ప్రమాదమున్న పక్షుల పట్టికలో దీనిని చేర్చారు.

ప్రమాదము ఎక్కడ నుండి? గ్రానైటు కోసం గుట్టలను పగలగొడుతున్నాము. కొత్త గడ్డి మొలవాలని ఎండాకాలంలో కొండకు నిప్పు పెడుతున్నాము. వంటచెరకుకు పొదలను మొదలంట నరుకుతున్నాము. “అది రాళ్లగుట్టే గదా, దేనికి పనికివస్తుంది?” అంటాము. పరికి పండ్లు, శ్రీగంధపు పండ్లు తిని, ఆ గింజలను కొండంతా చల్లేది ఈ పిట్టే. పొద పోతే పిట్ట పోతుంది. పిట్ట పోతే మళ్లీ పొదను నాటే కూలి ఎవరు?

మనం చేయదగినది కష్టమైన పని కాదు. గడ్డికి నిప్పు పెట్టవద్దు. కట్టెలకు వెళ్లినప్పుడు ఎండుకొమ్మలు ఏరుకొని, పచ్చి పొదను విడిచిపెట్టండి. పిల్లల చేతిలో ఉండేలు ఉంటే తీసుకొని, ఆ పిట్ట కూతను వారికి వినిపించండి.